కూర్చునే ఉద్యోగం వద్దన్న మనిషి

కొత్తగా నర్సు ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. "ఆంటీ, దొంగ నొప్పినీ నిజం నొప్పినీ ఎలా కనిపెట్టాలి?" అని అడుగుతారు. ఆ విద్యలో నేను ఆరితేరినదాన్నని వాళ్ళకెవరో చెప్పారు. ఆ పేరు నాకెలా వచ్చిందో, అది నా చేత ఎంత పెద్ద పొరపాటు చేయించిందో చెప్తే వాళ్ళు మళ్ళీ ఆ ప్రశ్న అడగరు.

మాది విజయనగరం వైపు. రైల్వేలో పనిచేసే మా ఆయన్ని చేసుకుని రాయపూర్ వచ్చాను. గుఢియారీలో పట్టాల పక్కనే ఇల్లు. ఊరవతల ఒక ఇనుము ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఇరవై ఆరేళ్ళు నర్సుగా పనిచేశాను. రెండు గదులు, ఒక మంచం, ఒక మందుల బీరువా, నేను, కట్లు కట్టే డ్రెస్సర్. అంతే మా సామ్రాజ్యం. డ్రెస్సర్ ఛత్తీస్‌గఢీ మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆయన్ని అందరూ 'కకా' అనేవాళ్ళు, అంటే బాబాయి అని. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చి అరగంట ఉండేవారు. ఆ అరగంటలో పది నిమిషాలు టీకి పోయేవి. మిగతా రోజుల్లో ఎవరు డ్యూటీకి పనికొస్తారు, ఎవరు ఇంటికి పోవాలి అన్నది రిజిస్టరులో రాసేది నేనే.

హోలీ మర్నాడైతే డిస్పెన్సరీ ముందు క్యూ ఉండేది. ఒకసారి ఒకడు కుడికాలు కుంటుకుంటూ వచ్చాడు. "ఏదీ, వెనక్కి తిరిగి తలుపుదాకా నడు" అన్నాను. నడిచాడు, ఈసారి ఎడమకాలు కుంటుతూ. "దారిలో కాలు మార్చావేం భయ్యా?" అన్నాను. క్యూ అంతా నవ్వింది, సగం క్యూ మాయమైంది. ఆ కథ ఫ్యాక్టరీ షెడ్డులన్నీ తిరిగింది. సిస్టర్ కళ్ళు ఎక్స్‌రే కళ్ళు అన్నారు. నేను నమ్మాను. అక్కడ మొదలైంది నా జబ్బు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి ఆరేడేళ్ళయిన రోజులు. మా ఫ్యాక్టరీలో ఒక క్రేన్ ఆపరేటరు ఉండేవాడు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను అది. దానికి అంటుకుని అద్దాల క్యాబిన్, అందులో సీటు, ఫ్యాను. కింద ఎర్రగా కాలిన దిమ్మల మధ్య నిలబడి చెమటలు కక్కే వాళ్ళందరికీ ఆ సీటు మీదే కన్ను. అతను తెలుగువాడే, వాళ్ళదీ మా జిల్లాయే గానీ రాయపూర్‌లో పుట్టి పెరిగాడు. ముప్పై అయిదు, ముప్పై ఆరేళ్ళుంటాయి. పదిటన్నుల దిమ్మని పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించుతాడని పేరు. నన్ను అక్కా అనేవాడు.

ఒకరోజు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"అక్కా, నన్ను క్రేన్ మీంచి దింపించు. కింద ఏ పనైనా చేస్తాను."

"ఏం, పైన భయమేస్తోందా?"

"భయం కాదు. బైఠ్‌నా ముష్కిల్ అయిపోయింది నాకు. కూర్చుంటే తోక ఎముక దగ్గర కాల్చిన కడ్డీ పెట్టినట్టుంటాది. అక్కణ్ణించి కాల్లోకి కరెంటు దిగుతాది."

"నిలబడితే?"

"చాలా తక్కువ."

"నడిస్తే?"

"ఇంకా నయం."

వెనకాల మందుకోసం నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. వెన్నునొప్పి అని వచ్చినవాళ్ళందరూ కూర్చునే పని ఇప్పించమంటారు. కూర్చునే పని వద్దని, నిలబడి నడిచే పని కావాలని అడిగినవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు. వంగమన్నాను, వంగాడు. కాళ్ళెత్తమన్నాను, ఎత్తాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఫోర్‌మన్‌తో ఏదో గొడవ పడ్డాడు, అందుకే క్రేను వదిలించుకోవాలని చూస్తున్నాడు అనుకున్నాను. నాలుగు నొప్పి బిళ్ళలిచ్చి, "కారణం కనిపించలేదు. డ్యూటీకి పనికొస్తాడు" అని రిజిస్టరులో రాశాను. చేతిరాత కూడా గుండ్రంగా, అందంగా వచ్చింది ఆ పూట.

తర్వాత మూడు నెలల్లో ఇంకో ఎనిమిదిసార్లు వచ్చాడు. నేను అదే వాక్యం రాశాను. అతను సెలవులు పెట్టడం మొదలుపెట్టాడు.

ఇంతలో మా కాలనీలో ఒక తెలుగువాళ్ళ పెళ్ళి వచ్చింది. వెళ్ళేసరికి మన ఆపరేటరు సాంబారు బకెట్టు పట్టుకుని పంక్తుల మధ్య చకచకా తిరుగుతున్నాడు. "అక్కా, ఇంకో గరిటె!" అని నవ్వుతూ నా విస్తట్లో పోశాడు. రెండు గంటలు చూశాను. ఒక్కసారి నడుం పట్టుకోలేదు. మర్నాడు ఫోర్‌మన్ కనిపిస్తే, "మీ వెన్నునొప్పి ఆపరేటరు నిన్న పెళ్ళిలో భలే వడ్డించాడులెండి" అన్నాను. అంతే. నవ్వుతూ అన్నమాటే. ఫోర్‌మన్ "నౌటంకీ! అంతా నాటకం" అని చరచరా వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఆపరేటరుకి చార్జిషీటు వచ్చింది: ఆరోగ్యంగా ఉండి కూడా డ్యూటీ ఎగ్గొడుతున్నాడని. సాక్ష్యం కింద నా రిజిస్టరు పేజీలు జతచేశారు. నెల తర్వాత ఎంక్వైరీ. తేలితే ఉద్యోగం పోతుంది.

నాకు అప్పటికీ పెద్దగా ఏమీ అనిపించలేదు. అది కూడా చెప్పాలి కదా.

నేను రోజూ మా ఆయన స్కూటరు మీద మెయిన్ రోడ్డుదాకా వెళ్ళి ఆఫీసు జీపు ఎక్కేదాన్ని. ఒకరోజు స్కూటరు మొరాయించి, జీపు అందక, కార్మికుల షిఫ్టు బస్సెక్కాను. సగం సీట్లు ఖాళీ. మధ్యలో పైకడ్డీ పట్టుకుని ఆపరేటరొక్కడే నిలబడి ఉన్నాడు.

డ్రైవరు నన్ను చూసి, "దీదీ, ఈయన్ని మీరైనా కూర్చోబెట్టండి. ఆర్నెల్లయింది నా బస్సులో కూర్చుని" అన్నాడు.

"ఆర్నెల్లా?"

"రోజూ ఇంతే. రానూ పోనూ."

కుంటి కాలు మార్చినవాడు నా ముందు కుంటాడు. నేనెప్పుడూ ఎక్కని బస్సులో, ఖాళీ సీట్ల మధ్య ఆర్నెల్లు ఎవడు నిలబడతాడు? అయినా నా ఎక్స్‌రే కళ్ళకి పొగరు తగ్గలేదు. పక్కసీటు తట్టి, "రా తమ్ముడూ, ఐదు నిమిషాలు కూర్చో" అన్నాను. అతను నా ముఖం చూశాడు. పెద్దదాన్ని, అడిగాను, కాదనలేక కూర్చున్నాడు. కబుర్లు కూడా మొదలుపెట్టాడు, వాళ్ళ పాప బడిలో ఏదో ఆటలో గెలిచిందని. రెండు స్పీడు బ్రేకర్లు దాటాయి. మాట మధ్యలో ఆగిపోయింది. పైపెదవి మీద చెమట పట్టింది. జనవరి పొద్దుట, స్వెట్టర్లేసుకుని ఉన్నాం. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క. అలవాటుగా నాడి చూశాను. గుర్రంలా పరిగెడుతోంది.

"లే" అన్నాను. "లే, లే, నిలబడు."

నిలబడి, కడ్డీ పట్టుకున్న చేతికి నుదురానించి అన్నాడు: "పాపకి కప్పిచ్చారక్కా. స్టీలు కప్పు."

మనిషి ముఖం నటిస్తుంది, నడక నటిస్తుంది, నాడి నటించదు. తొమ్మిదిసార్లు నా బల్ల ముందుకొస్తే ఒక్కసారి కూడా అతన్ని కూర్చోబెట్టి చూళ్ళేదు నేను. కూర్చోలేనన్నవాణ్ణి వంచి చూశాను, కాళ్ళెత్తించి చూశాను. ఆ రోజు డిస్పెన్సరీకి వెళ్ళి రిజిస్టరు తిరగేస్తే నా గుండ్రటి చేతిరాత చూసి నాకే తల కొట్టేసినట్టయింది.

కకాకి చెప్పాను. ఆయన దూది చుట్టడం ఆపకుండా, "దీదీ, తప్పు రాసిన చేత్తోనే ఇప్పుడు డాక్టరుని వెతుకు" అన్నాడు.

వెతికాను. సెలవులన్నీ దానికే పోయాయి. నేను, ఆపరేటరు, అతని భార్య, ముగ్గురం ఊరంతా తిరిగాం. ఆమె గట్టి మనిషి, సన్నగా ఉంటుంది, చేతిలో ఎప్పుడూ ఫైలు. ముందు ఒక ఎముకల డాక్టరు బెల్టు ఇచ్చి, మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. నడిస్తేనే బాగుంటుందండీ అంటే, "డాక్టరు నువ్వా నేనా?" అన్నాడు. రెండో ఆయన వెన్ను స్కానింగు తీయించాడు. రిపోర్టులో చివరి వాక్యం: వెన్ను అడుగున నరాల మొదట్లో చిన్న నీటి తిత్తులున్నాయి, పట్టించుకోనక్కర్లేదు. ఆ వాక్యం చూసి ఆయనా పట్టించుకోలేదు. మూడో ఆయన అసలు ఫిల్మ్ చూడకుండానే, "ఎల్లుండి చేరిపో, కోసేద్దాం" అన్నాడు. ఏం కోస్తారని ఆమె అడిగితే, "తెరిచాక తెలుస్తుంది" అన్నాడు. బయటికొచ్చి ముగ్గురం మెట్లమీద పడీపడీ నవ్వుకున్నాం. భయంతో వచ్చిన నవ్వులెండి.

నాలుగో ఆయన శంకర్ నగర్‌లో పేరున్నాయన. ఫైలు తిరగేసి, "శరీరంలో ఏమీ లేదు. అంతా మనసులోనే. ఇంట్లో భార్యతో గొడవలున్నాయా?" అన్నాడు.

ఆమె ముందుకొచ్చింది. "ఉన్నాయి సార్. డాక్టర్ల దగ్గరికి ఇంక రానని ఆయన, రావాలని నేను. ఆ ఒక్కటే గొడవ."

ఆపరేటరు నిజంగానే ఇక రానన్నాడు. "అక్కా, నొప్పి ఉంటే ఓర్చుకుంటాను. నొప్పి లేదంటే ఎలా ఓర్చుకోను?" అన్నాడు. ఎంక్వైరీకి పన్నెండు రోజులుంది. అతన్ని ఒప్పించడానికి నేను బతిమాలాను, ఆమె తిట్టింది. చివరికి, "ఇంకొక్కళ్ళు. తర్వాత మీరిద్దరూ నన్ను వదిలేయాలి" అన్నాడు.

ఆ ఒక్కళ్ళ సంగతి చెప్పింది కకా. ఆయన మరదలికి పక్షవాతం వస్తే మళ్ళీ నడిపించిందట ఒక డాక్టరమ్మ. ఒక ధర్మాసుపత్రిలో, మెట్లు దిగి వెళ్ళే గదుల్లో, కృత్రిమ కాళ్ళూ, ఊతకర్రలూ, నడక నేర్పే కడ్డీలూ ఉన్న విభాగం. పేరున్న డాక్టర్లకు ఆ మెట్లు దిగే పని పడదు. వెళ్ళేసరికి జుట్టంతా నెరిసిన ఆమె ఒక ముసలాయనకి చెప్పులు తొడుగుతోంది.

మమ్మల్ని చూసి, "కా హోగే భయ్యా? సబ్బో లా బతా" అంది. ఏమైంది, అంతా చెప్పు అని.

ఆపరేటరు మొదలుపెట్టాడు. రెండు మాటలయ్యాయో లేదో ఆమె చెయ్యెత్తి ఆపింది. "కూర్చోలేవు కదా? మరి నేనెందుకు కూర్చోవడం, పద" అని కుర్చీలోంచి లేచింది. నడక నేర్పే కడ్డీల మధ్య అటూ ఇటూ నడుస్తూ అతనితో నలభై నిమిషాలు మాట్లాడింది. కూర్చుంటే ఎన్ని నిమిషాలకు మొదలవుతుంది, గట్టి బల్లా మెత్తటి పరుపా, దగ్గితే ఏమవుతుంది, విరేచనానికి ఇబ్బందా, రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటావు, మొదటిసారి ఎప్పుడు. ఈ చివరి ప్రశ్న మేమెవరం అడగలేదు. రెండేళ్ళ క్రితం క్యాబిన్ నిచ్చెన దిగుతూ జారి తోక ఎముక మీద పడ్డాడట. "చిన్న దెబ్బే అని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. భార్య అతని వంక చూసిన చూపు నేను చెప్పలేను.

ఫిల్మ్ చూసే పెట్టెలో దీపం మాడిపోయి ఉంది. డాక్టరమ్మ ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి పట్టుకుంది. బఠాణీ గింజలంత తెల్లచుక్కలు చూపించింది.

"ఇవి చాలామందికి ఉంటాయి, ఏమీ చెయ్యవు. అందుకే అక్కర్లేదని రాశారు. కొద్దిమందిలో నరాన్ని నొక్కుతాయి. నీలో ఏం చేస్తున్నాయో నాకు ఖాయంగా తెలీదు. చదవాలి, నాకన్నా తెలిసినవాళ్ళని అడగాలి. కానీ నీ నొప్పి నిజమని మాత్రం నాకు తెలుసు."

ఆపరేటరు తలొంచుకుని కడ్డీ మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు. అతని భార్య ఫైలు నా చేతిలో పెట్టి, కొంగుతో ముఖం కప్పుకుని బయటికెళ్ళింది. నాలుగు ఆసుపత్రుల్లో కన్నీటిబొట్టు రాల్చని మనిషి.

డాక్టరమ్మ నాతో మెల్లిగా అంది: "ఏళ్ళ క్రితం ఒకామె ఇలాగే కూర్చోలేనని వచ్చింది. మనసు జబ్బని పంపించేశాను. తర్వాత ఆమె ఏమైందో తెలీదు."

"నేను తొమ్మిదిసార్లు పంపించేశాను మేడమ్" అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "అయితే ఇద్దరం ఒకే క్లాసు" అని నవ్వింది.

నాగపూర్‌లో నరాల నొప్పులు చూసే ఒకాయనతో ఫోన్లో మాట్లాడింది. ఫిల్ములు పంపింది. ఆపరేషను ఇప్పుడొద్దని ఇద్దరూ అనుకున్నారు. నరాల నొప్పికి చిన్న మోతాదులో మందు, మెల్లిమెల్లిగా పెంచడం, రోజూ నడక, గంటన్నరకోసారి పక్కకి తిరిగి పడుకోవడం. "తగ్గిస్తాను. తీసేస్తానని చెప్పను. సరేనా?" అంది. "ఎన్నాళ్ళకి నిజం చెప్పే డాక్టరు దొరికింది" అన్నాడు ఆపరేటరు. వారానికోసారి వెళ్ళేవాడు, మళ్ళీ నా బలవంతం అక్కర్లేకుండా.

ఎంక్వైరీ రోజు రానే వచ్చింది. మేనేజరుగారి గది. ఆయనా, ఆఫీసరు ఒకాయనా, ఫోర్‌మనూ. ఆపరేటరు బల్లముందు నిలబడ్డాడు. నన్ను ఫ్యాక్టరీ తరఫు సాక్షిగా పిలిచారు. డాక్టరమ్మ ఉత్తరం నా సంచీలో ఉంది. గేటు దగ్గరినుంచి కకా పరిగెత్తుకుంటూ వచ్చి, "దీదీ, ఆవిడే వచ్చేసింది!" అన్నాడు. ఉత్తరంతో పని జరగదని అనుమానమొచ్చి, సెలవు పెట్టి, షేర్ ఆటోలు రెండు మారి ఆమె స్వయంగా వచ్చింది, నాతోపాటే గదిలోకి నడిచింది.

ఆఫీసరు నా రిజిస్టరు తెరిచాడు. "సిస్టర్, ఈ రాత మీదేనా?"

"నాదే సార్."

"డ్యూటీకి పనికొస్తాడని తొమ్మిదిసార్లు రాశారు."

"రాశాను సార్. తొమ్మిదిసార్లూ తప్పే రాశాను."

బస్సులో చూసింది చెప్పాను. పెళ్ళిలో వడ్డన సంగతి మోసింది నేనేనని, రెండు గంటలు నిలబడి తిరగడమే అతని జబ్బుకి రుజువని అప్పుడు నాకు తెలీలేదని చెప్పాను. మేనేజరుగారి ముఖం ఎర్రబడింది. "అంటే మీ రిజిస్టరుని మేము నమ్మకూడదా?" అన్నారు. నా ఉద్యోగం కూడా ఆ పూటతో సరి అనుకున్నాను.

డాక్టరమ్మ అందుకుంది. ఫిల్ము చూపించి, బడిపిల్లలకి చెప్పినట్టు వివరించింది. "ఆమె తన తప్పు తనే దిద్దుకుంది. అలాంటి రిజిస్టరునే నమ్మాలి సాబ్" అంది.

మేనేజరుగారు కాసేపు పెన్ను తిప్పారు. "సరే, నొప్పి నిజమే అనుకుందాం. క్రేన్ ఆపరేటరుకి నిలబడే పని ఎక్కణ్ణించి తేవాలి?"

ఎవ్వరూ ఊహించని వైపునుంచి జవాబొచ్చింది. ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, కొత్త షెడ్డులో రిమోట్ క్రేను వచ్చింది కదా. కింద నడుస్తూ నడపాలి. సీటు లేదని ఎవరూ ఒప్పుకోవట్లేదు."

అందరం అతని వంక చూశాం. నౌటంకీ అన్నది అతనే. "ఏం చూస్తారు? నాకు మంచి ఆపరేటరు కావాలి" అన్నాడు విసుగ్గా.

డాక్టరమ్మ ఊరుకోలేదు. నడిపేవాడి మెడలో వేలాడే ఆ రిమోట్ పెట్టె బరువెంతో చూడాలంది. అందరం కొత్త షెడ్డుకి నడిచాం. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, రిమోట్ పెట్టె మెడకి తగిలించుకుని, ఫోర్‌మన్ చెప్తుంటే ఒక మీట నొక్కింది. కొక్కెం అడుగున్నర లేచింది. "అరే బాప్ రే!" అని చిన్నపిల్లలా నవ్వింది. పనివాళ్ళంతా చప్పట్లు. పట్టీ మెడమీద కాకుండా రెండు భుజాలకీ పడేలా మార్పించమంది. ఆపరేటరు పెట్టె అందుకున్నాడు. నడుస్తూ నడుస్తూ ఖాళీ కొక్కేన్ని షెడ్డు చివరిదాకా తీసుకెళ్ళి, నేలమీద ఉన్న ఒక బోల్టు మీద తాకీ తాకనట్టు ఆపాడు. మేనేజరుగారు "చార్జిషీటు ఫైలు మూసేయండి" అని ఆఫీసరుతో అన్నారు. నాకు మాత్రం ఒక మెమో ఇచ్చారు, ఇకముందు జాగ్రత్తగా రాయమని. న్యాయమే. దాచుకున్నాను.

నొప్పి పోలేదు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. సగానికి తగ్గింది. కొన్ని రోజులు మళ్ళీ ఎగదన్నేది. అప్పుడు మధ్యాహ్నం మా డిస్పెన్సరీ మంచం మీద పక్కకి తిరిగి ఇరవై నిమిషాలు పడుకునేవాడు. కకా తలుపు దగ్గర కాపలా కూర్చుని, "లోపల పేషెంటు ఉన్నాడు" అని అందర్నీ కసిరేవాడు. మూడేళ్ళ తర్వాత నాగపూర్ ఆయన దగ్గరికి వెళ్ళి ఒక ఇంజెక్షను చేయించుకున్నాడు. దాంతో సినిమా ఇంటర్వెల్‌దాకా కూర్చోగలిగేవాడు. "సగం సినిమాలు చూసి మిగతా సగం మా ఆవిడ నోట వింటాను. ఆవిడ చెప్పేదే బాగుంటాది" అనేవాడు.

ఒకరోజు అతను అలా పడుకుని ఉంటే క్షమించమని అడిగాను. గోడవైపు తిరిగి ఉన్నాడు, ముఖం కనబడలేదు.

"ఎంక్వైరీలో అందరి ముందూ చెప్పావు కదక్కా, ఇంకేటి?" అన్నాడు. ఇటు తిరక్కుండానే, "మా ఆవిడకి మాత్రం ఆ పెళ్ళి సంగతి చెప్పకు. నువ్వంటే దేవత అనుకుంటోంది. ఒక దేవత ఉంటే ఇంట్లో నాకూ కాస్త సుఖం" అన్నాడు.

అందుకని అమ్మాయిలూ, దొంగ నొప్పి కనిపెట్టే విద్య నా దగ్గర లేదు. ఆ తర్వాత నా సర్వీసులో దొంగనొప్పులవాళ్ళు కొందరు నన్ను మోసం చేసి హాయిగా ఇళ్ళకి పోయారు. పోనీండి. వాళ్ళవల్ల ఫ్యాక్టరీ మూతపడలేదు.

మొన్న బుధవారం పొద్దున ఆపరేటరు ఫోన్ చేశాడు. ఇప్పుడతనికీ జుట్టు నెరిసింది. వెనకాల జనం గోల, ఎవరో నంబర్లు పిలుస్తున్నారు.

"ఎక్కడున్నావు?"

"ఆస్పత్రిలో అక్కా. నాక్కాదు. నయా రాయపూర్ ఆఫీసులో కంప్యూటర్ పనిచేసే పిల్ల ఒకతె, మా పాప ఫ్రెండు. కూర్చోలేకపోతోందట. ముగ్గురు డాక్టర్లు ఏమీ లేదన్నారట. ఏడుస్తోంది. నాలుగో డాక్టరు దగ్గరికి నేను తీసుకొచ్చాను."

"ఎలాంటి డాక్టరు?"

"చూడాలి. కుర్రాడే. బాగుంటే సరే, లేదంటే అయిదో వాడు. లిస్టుంది నా దగ్గర." పక్కన ఎవరితోనో, "నిలబడే ఉండమ్మా, పర్లేదు, నేనూ నిలబడే ఉన్నాను కదా" అంటున్నాడు. తర్వాత నాతో, "ఉండక్కా, మా నంబరు పిలిచారు. లోపలికెళ్తున్నాం" అని పెట్టేశాడు.